మూడో గుండీ

కూసో భాగ్యా, ఫ్యాను కింద గాదు,
కాయితాలు ఎగుర్తయి.
సిరోంచ పంచాయతీ సమితిల ఈ టేబుల్ మీద
ఇరవై తొమ్మిదేండ్లు గడిపిన.
వచ్చే నెల నుంచి నీదే.

మొదటి పంక్తిల పైసలు అడగకు.
అది వాళ్ల పాత ఉత్తరం నంబరుకు.
తన మాట తనకే తిరిగి వినిపిస్తే
ఎంత పెద్ద సారైనా తలకాయ ఊపుతడు.
దండం ఒక్కసారే పెట్టు,
రెండోసారి పెడితే అనుమానం వస్తది.
వద్దనాలంటే పేజీ నిండ రాయాలె,
సరే అనాలంటే సంతకం సరిపోవాలె.
ఉత్తరం అట్ల రాయి.

ఇగ ఇప్పగూడెం ఫైలు.
గడ్చిరోలికి తోలినకొద్దీ తిరిగొచ్చేది,
ఇంటి తొవ్వ మరువని బర్రె తీరు.

మొదటి తప్పు నాదే.
మనసుల వాగు అనుకున్న,
మరాఠీల నాలా అని రాసిన.
సరైన మాటే, నిఘంటువు చూస్కో.
కని నాగపూర్ మీదికెల్లి ముంబై చేరేసరికి
ఆ మాట సందుల మురికి కాలువైంది.
"నాలా దాటేందుకు నలభై ఒక్క లక్షలా?"
ఎర్ర సిరాతోటి అడిగిండు ఎవలో.
ఆయన్ని ఏమంటం?
ఆయన కిటికీల కనబడే నాలా అదే.

రెండోసారి ఏడ్పు రాసిన.
మడావి చిన్నుబాయి నొప్పులు పడుతుంటే
మంచం మోసిన నలుగురు
ఒడ్డున తెల్లారేదాక నిలబడ్డ రాత్రి.
రెండు పేజీలు. టైపు కొడుతుంటే
నాకే అక్షరాలు అలుక్కుపోయినయి.
జవాబొచ్చింది:
"భావోద్వేగ వివరాలు అనవసరం.
జనాభా నిబంధన మేరకు లేదు."
నిబంధనకు రెండు వందల యాభై మంది కావాలె.
ఊర్ల ఉన్నది రెండు వందల ముప్పై ఎనిమిది.
పన్నెండు తక్కువ.
చిన్నుబాయి బిడ్డ బతికుంటే పదకొండు.

అప్పుడు నేనే పోయిన.
బండి ఆగిన కాడ వదిలేసి
నాలుగు కిలోమీటర్లు నడిచిన.
వానకాలం ఎంత లోతు అంటే
ఆత్రం సోమయ్య రొమ్ముకు చెయ్యి ఆనిచ్చి
"గింత" అన్నడు.
ఫారంల గింతకు గడి లేదు.
ఆఫీసు టేపు తీసి
మడిమె కాడికెల్లి
అంగీ మూడో గుండీ దాక కొలిచిన.
కితకితలయితున్నయని నవ్విండు.
ఒక మీటరు పద్దెనిమిది.

ఆ అంకెను ఉత్తరం నడుమ నిలబెట్టిన.
నాలా కొట్టేసి ప్రాణహిత ఉపనది అన్న.
తొలి వానకు తునికాకు లారీలు
ఎన్నొద్దులు ఆగినయో,
సర్కారుకు రావాల్సింది ఎంత ఆగిందో
పైసలతో సహా కట్టిచ్చిన.
అవతలి ఒడ్డు గుంపు, పదిహేడు మంది,
వాళ్లను కలిపిన.
చిన్నుబాయి పేరు తీసేసిన.
చెయ్యి వణకలే.
దానికే భయమైంది, ఇంటికి పోయినంక.

మంజూరైంది.
నలభై ఒకటి గాదు, ఇరవై ఆరు.
మార్చి దాటితే పైసలు వాపస్.
కింద ఒక్క ప్రశ్న పెట్టిండ్రు:
"సదరు 1.18 మీటర్లను
ఏ స్థిర బిందువు ఆధారంగా కొలిచారు?"

రేపటికల్లా జవాబు పోవాలె,
అది నువ్వు రాయి.
అబద్ధం వద్దు. గుండీ అని కూడా వద్దు.
నడుమ ఏదో మాట ఉంటది, దేవులాడు.
నాకైతే దొరకలే.

మొన్న సంతల కనబడ్డడు సోమయ్య.
అదే అంగీ.
మూడో గుండీ ఊడిపోయింది,
ఆ జాగల పిన్నీసు పెట్టుకున్నడు.